పేషెంట్ అంటే ఏటి

నేను మందస మండలంలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతికి వ్యతిరేక పదాలు చెబుతూ బోర్డు మీద 'పేషెంట్' అని రాసి, దీని అర్థం ఎవరికి తెలుసు అని అడిగాను. ఇంగ్లీషు పీరియడ్లో చెయ్యెత్తేవాళ్లు మామూలుగా ముందు బెంచీలోనే ఉంటారు. ఆ రోజు తరగతి మొత్తం చెయ్యెత్తింది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. కిడ్నీలు పోయినవాళ్లు.

అది నామవాచకమనీ, అదే మాటని విశేషణంగా వాడితే 'ఓపిక గల' అని అర్థమనీ చెప్పాను. పాఠానికి కావలసింది ఆ రెండో అర్థమే. రాసుకోమన్నాను. రెండో వరసలో ఒక అమ్మాయి రాయకుండా లేచి నిలబడింది.

"మా తాత పేషెంటే టీచర్. పొద్దస్తమానం కేకలేత్తాడు, కంచం ఇసిరికొడతాడు. ఓపిక ఎక్కడున్నాది?"

ఎవరూ నవ్వలేదు. ఆ తరగతిలో అలాంటి తాతలు, నాన్నలు ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక మాటకి రెండు అర్థాలు ఉండొచ్చు గాని రెండూ ఒకే మనిషిలో ఉండాలని లేదమ్మా అని చెప్పి కూర్చోబెట్టాను.

సాయంత్రం ఇంటికెళ్లి ఆ సంగతి బావకి చెప్పాను. బావ అంటే నా భర్త. మా అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. నాన్న టెక్కలిలో గుమస్తా కాబట్టి నేనూ చెల్లీ అక్కడే పెరిగాం. మేనమామ కొడుకుని చేసుకుని నేను మళ్లీ అమ్మ పుట్టిన ఊరికి వచ్చాను. చిన్నప్పటి నుంచీ పిలిచిన పిలుపు పెళ్లితో మారలేదు. మాకు పిల్లలు కలగలేదు. కొబ్బరి తోట, జీడి తోట, నా ఉద్యోగం, ఇంతే మా సంసారం.

పిల్ల అన్న మాట విని బావ బాగా నవ్వాడు. "నాకు ఆ జబ్బొత్తే ఆ తాత కన్నా పెద్ద కేకలేత్తాను" అన్నాడు. ఆ మాటకి నేను నవ్వలేకపోయాను. అంతకు రెండేళ్ల ముందే బావ అన్నయ్య కిడ్నీలు పాడై పోయాడు. మా వీధిలో చాలా ఇళ్లల్లో అదే కథ. అయినా బావ నవ్వింది అబద్ధం కాదు. ఆయనకి ఓపిక అనేది నిజంగానే లేదు. బస్సు పావుగంట ఆలస్యమైతే నిలబడలేక నడక మొదలుపెట్టేవాడు. తర్వాత బస్సు వచ్చి ఆయన్ని దాటి వెళ్లిపోయేది. తుఫానుకి మా కొబ్బరి చెట్లు సగానికి పైగా కూలిపోయాక కొత్త మొక్కలు వేశాడు. కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందని పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన మనిషి, రోజూ పొద్దున్నే వెళ్లి ఆకు ఎంత పెరిగిందో చూసొచ్చేవాడు. మొక్కని కూడా తొందరపెడుతున్నావేటి మావా అని పక్క తోటవాళ్లు ఏడిపించేవాళ్లు.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలంలో బావ పాదాలు వాయడం మొదలైంది. పొద్దల్లా నిలబడి జీడిగింజలు ఏరించడం వల్ల అన్నాడు. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. నేను చూస్తున్నానని తెలిసి పంచె కిందికి లాక్కునేవాడు. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఆయన్ని బతిమాలి తీసుకెళ్లి పరీక్షకి రక్తం ఇప్పించాను. క్రియాటిన్ అంటే కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె. మా ప్రాంతంలో అది ఎంత అని అడగడం, అన్నం తిన్నావా అని అడగడం లాంటిదే. ఆ ఫలితం వచ్చిన రోజు నుంచి మమ్మల్ని కూడా అందరూ అదే అడగడం మొదలుపెట్టారు.

పలాస ఆసుపత్రికి మొదటిసారి వెళ్లిన రోజు బాగా గుర్తుంది. హాలు నిండా మా ఉద్దానం మనుషులే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఎటు చూసినా మొహం తెలిసినవాళ్లు. ఒక నర్సు వచ్చి పేపరు చూసి "పేషెంటు ఎవరు?" అంది. బావ కదల్లేదు. గోడ మీద ఏదో చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆమెకి మా ఇద్దరిలో ఎవరో తెలియడం లేదు. చివరికి నేను చెయ్యి చాచి ఆయన్ని చూపించాను.

ఇంటికి తిరిగొచ్చే బస్సు హరిపురం దాటింది. అప్పుడు బావ, నన్ను పేరెట్టి పిలవడానికి వాళ్లకేటి నొప్పి అన్నాడు. తనకో పేరుంది, తండ్రి పేరుంది, తోట ఉంది, అవన్నీ పోయి పేషెంటు అయిపోయానా అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పాను. మళ్లీ తనే అడిగాడు.

"అసలు పేషెంట్ అంటే ఏటి? నువ్వు ఇంగ్లీసు టీచరివి కదా. ఆ మాట ఎక్కడ పుట్టినాది?"

నాకు తెలీదన్నాను. ఇరవై ఏళ్లు ఆ మాట చెబుతూ వచ్చాను గాని ఎక్కడ పుట్టిందో ఎప్పుడూ చూడలేదు. మా స్కూల్లో పాత పెద్ద నిఘంటువు ఒకటి ఉంది, ప్రతి మాటకీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే రకం. ఎవరో దాత ఇచ్చిపోయింది. పిల్లలు ముట్టుకోరు, మేమూ ముట్టుకోం. మర్నాడు దాని దుమ్ము దులిపి ఖాళీ పీరియడ్లో కూర్చుని చదివాను.

అది లాటిన్ నుంచి వచ్చిన మాట. లాటిన్లో 'పతి' అనే క్రియ ఉంది. బాధపడడం, ఓర్చుకోవడం, మీద పడినదాన్ని భరించడం అని దాని అర్థాలు. దాని నుంచి 'భరిస్తూ ఉన్నవాడు' అనే మాట వచ్చింది. అది ఫ్రెంచి వాళ్ల నోట్లో నలిగి ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండుగా చీలింది. బాధని సహించేవాడు ఓపిక గలవాడయ్యాడు, బాధతో వైద్యుడి దగ్గరికి వచ్చినవాడు రోగి అయ్యాడు. నేను తరగతిలో వేరు వేరు గడుల్లో రాయించిన రెండర్థాలూ ఒకే కడుపున పుట్టినవి.

ఇంకా చదివితే దాని చుట్టాలు కనిపించాయి. ప్యాషన్ అదే కుటుంబం. ఇవాళ మోజు, తపన అనే అర్థంలో పిల్లలు కూడా వాడుతున్నారు గాని అది మొదట బాధే. క్రీస్తు సిలువ మీద పడిన బాధకి చర్చిల్లో ఇప్పటికీ అదే మాట. కంపాషన్ని మేం జాలి అని రాయిస్తాం. విడదీస్తే కలిసి బాధపడడం. పాసివ్ వాయిస్ కూడా అక్కడిదే. చేసేవాడు వెనక్కి పోయి, ఎవరి మీద పని జరిగిందో ఆ మనిషి ముందుకొచ్చే వాక్యం. భాషాశాస్త్రవేత్తలు వాక్యంలో ఆ మనిషిని కూడా పేషెంట్ అనే అంటారు. తెలుగు వ్యాకరణంలో దానికి మన పేరు కర్మ.

సాయంత్రం బావకి ఇవన్నీ చెప్పాను. ప్యాషన్, పాసివ్ ఆయనకి పట్టలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

"పతి అంటే మొగుడు కదే."

అది మన సంస్కృతం మాట బావా, ఇది లాటిన్, ఒకలా వినబడతాయి గాని వాటికి చుట్టరికం లేదు అన్నాను.

"నేకపోతే నేదులే. అర్థం సరిపోయింది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట సరిగ్గా అన్నం తిన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు, నీళ్లు ఎక్కువ తాగొద్దని నేను గదమాయించినప్పుడల్లా, పతిని, బాధపడాల్సిందేలే అనేవాడు.

నీళ్ల దగ్గరే మా ఇంట్లో ఎక్కువ గొడవలు జరిగాయి. రోజుకి ఇన్ని గ్లాసులే అన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. అన్నిటికన్నా కష్టమైంది కొబ్బరి నీళ్లు మానెయ్యడం. అందులో ఉన్న పొటాషియం కిడ్నీలు పాడైనవాళ్ల గుండెని ఆపేస్తుందట. మిగిలిన చెట్లకి కాయలు దించే రోజు ఆయన తోటకి వెళ్లడం మానేశాడు. దింపు వాళ్లు అలవాటు కొద్దీ మొదటి బొండాం చెక్కి యజమానికి ఇస్తారని.

చూడడానికి వచ్చే చుట్టాలు తలో కారణం చెప్పేవాళ్లు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ ఇంకా తేల్చి చెప్పలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహం చంపుకుని చేసే పని అన్నారు, రక్తంలోనే ఉందన్నారు. ఒకరోజు నందిగాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మంచం పక్కన కూర్చుని, అంతా మీ కర్మ నాయనా, ఏటి సేత్తాం అంది. ఆమె వెళ్లాక బావ నాతో అన్నాడు.

"పాపం చేసినోలికి కర్మంటే అర్థం ఉన్నాది. ఉద్దానం అంతా కలిసి ఏటి పాపం చేసినాం? ఆ మాట ఇంకెవులూ నా ఎదర అనకుండా సూడు."

వ్యాకరణంలో కర్మకి పాపంతో సంబంధం లేదు. పని ఎవరి మీద పడిందో వాడే కర్మ, అంతే. పిల్లలకి చెప్పే ఆ నిర్వచనం బావకి చెబుదామనుకున్నాను. అప్పటి ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను.

ఏడాది తిరిగేసరికి డయాలసిస్ తప్పలేదు. వారానికి మూడుసార్లు పలాస. మిషన్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో నరాలు కలిపి ఫిస్టులా చేశారు. దాని మీద చెయ్యి వేస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఉండేది. నేను వీలైనన్ని రోజులు సెలవు పెట్టి వెంట వెళ్లేదాన్ని, వీలుకానప్పుడు బావ ఒక్కడే బస్సెక్కేవాడు. మొదట్లో ఆయన తిట్టని మనిషి లేడు. బస్సు రాదని తిట్టేవాడు, మంచం ఖాళీ కాలేదని తిట్టేవాడు, సూది గుచ్చే కుర్రాడు ఆలస్యం చేస్తాడని తిట్టేవాడు. మిషన్ మీద నాలుగు గంటలు పడుకోవడం ఆయనకి జైలు.

ఆయన్ని దారిలో పెట్టింది పక్క మంచం మనిషి. ఆయనది సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డు ఊరు, చేపల వేట. టెక్కలి దగ్గర మంచం దొరక్క పలాస దాకా వచ్చేవాడు. వయసులో బావ కన్నా కొంచెం పెద్ద. పరిచయమైన మొదటి రోజే బావని మావా అన్నాడు, బావ ఆయన్ని బావా అన్నాడు. కులాలు వేరు, ఊళ్లు వేరు, అయినా ఆ రెండు మంచాల మధ్య నాలుగు గంటలు సరసాలు నడిచేవి. ఆయన వల వేసి ఎదురుచూడడం గురించి చెప్పేవాడు. చేప పడిందో లేదో అని వలని మాటిమాటికీ లాగి చూస్తే పడేది కూడా పోతుందట. బావ కొబ్బరి మొక్కల సంగతి చెబితే ఆయన మిషన్ కదిలేలా నవ్వాడు.

ఆయన భార్య కూడా వెంట వచ్చేది. ఇద్దరం బయట వరండాలో కూర్చునేవాళ్లం. తెల్లారక ముందే వండుకొచ్చిన అన్నం ఆమె నాకు కొంత పెట్టేది, నేను ఆమెకి పెట్టేదాన్ని. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, నువ్వు ఏటి చెబుతావమ్మా బళ్లో అని అడిగింది. ఇంగ్లీషు అన్నాను. నాకో మాట చెప్పు అంది. పేషెంట్ తప్ప నాకు ఇంకేమీ తోచలేదు, అది ఆమెకి ముందే తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం.

వానాకాలం మొదట్లో ఆ చేపలాయన మొహం నల్లబడడం మొదలైంది. ఒకరోజు బావని పిలిచి, "నాకు ఓపిక అయిపోనాది మావా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన అన్నది సహనం గురించి కాదు, సత్తువ గురించి. మన భాషలో ఓపికంటే ఆ రెండూ. మంచం మీంచి లేవలేనివాడూ ఓపిక లేదంటాడు, బస్సు కోసం నిలబడలేనివాడూ ఓపిక లేదంటాడు. ఆ పెద్ద నిఘంటువులో ఈ అర్థం లేదు. ఆ తర్వాతి వారం ఆయన మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. బావ నాలుగు గంటలూ అటు తిరక్కుండా పడుకున్నాడు.

ఆ రోజే నేను నిశ్చయించుకున్నాను. నా కిడ్నీ ఇస్తాను అని అంతకు ముందు చాలాసార్లు అన్నాను, బావ ఆ మాట సాగనిచ్చేవాడు కాదు. నీకో కోత నాకో కోత, ఇద్దరం మంచమెక్కితే ఇంట్లో పొయ్యి ఎవులు రాజేత్తారు అనేవాడు. ఈసారి నేను గట్టిగా పట్టుబట్టాను. టెక్కలి నుంచి చెల్లి వచ్చి ఆపరేషన్ అయ్యాక తను ఉండి చూసుకుంటానంది. బావ మూడో రోజు తోటకి వెళ్లొచ్చి సరే అన్నాడు. అన్నాక ఆయన మొహంలో ఆశ కనిపించింది. కొబ్బరి మొక్కలు కాపుకొచ్చే దాకా ఉంటానేమో అన్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

పరీక్షలకి విశాఖపట్నం వెళ్లాం. రక్తం గ్రూపు కుదిరింది. మిగతావాటి కోసం మళ్లీ రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు బావని బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచారు. మధ్యవయసు డాక్టరు, ఒరియా కలిసిన తెలుగు. నా కాళ్లు వాస్తాయా అని అడిగారు, రక్తపోటు ఎప్పుడు చూపించుకున్నానని అడిగారు. నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండేళ్లుగా నా వంటి సంగతి నేను పట్టించుకోలేదు. అప్పుడు మెల్లగా చెప్పారు. మీ కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయమ్మా, సగానికి సగం. మీరు ఇవ్వడానికి వీల్లేదు. ఇకనుంచి మీరు కూడా మా పేషెంటే.

నేను లేచి నమస్కారం పెట్టాను. ఏం చెయ్యాలో తెలియక పెట్టాను. తలుపు బయట బావ నా మొహం చూసి, మనకి కుదరదన్నారేటి అన్నాడు. స్టేషన్ కి వెళ్లే ఆటోలో అసలు సంగతి చెప్పాను.

మధ్యాహ్నం బండి. కిటికీ పక్కన బావ, ఆయన ఎదురుగా నేను. విజయనగరం దాటింది, చీపురుపల్లి దాటింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. కదిలాక బావ నా వైపు చూడకుండా అడిగాడు.

"నానే నీకు అంటించీసినానేటే?"

"ఇది అంటుకునేది కాదు బావా."

"మరెలగొచ్చినాది? నువ్వు టెక్కలి నీల్లు తాగి పెరిగినావు. నన్ను కట్టుకుని ఈ నీల్లు తాగినావు."

నీళ్లేనని ఎవరూ రుజువు చెయ్యలేదన్నాను. టెక్కలిలో కూడా ఈ జబ్బు ఉందన్నాను. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. కాసేపటికి గాని అది ఏడుపని నాకు తెలియలేదు. అన్నయ్య పోయినప్పుడు కూడా ఆయన కంట నీరు చూడలేదు నేను.

"నాకియ్యడానికి నువ్వున్నావు. రేపు నీకెవులిత్తారు?" అన్నాడు.

తిలారు వచ్చింది. పల్లీలమ్మే మనిషి మా పక్క నుంచి అరుచుకుంటూ వెళ్లాడు.

ఆ రోజు నుంచి బావ వేరే మనిషి అయ్యాడు. నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. తెల్లవారే లేచి ఇద్దరికీ ఉప్పు లేని కూర ఆయనే వండడం మొదలుపెట్టాడు. చింతపండు, ధనియాలు ఎక్కువ వేసి ఉప్పు లోటు తెలియనివ్వకూడదని ఏవేవో చేసి చూసేవాడు, కొన్ని నోట పెట్టలేకపోయేవాళ్లం. నేను మందులు మర్చిపోతే స్కూలుకి ఫోన్ చేసేవాడు. నాకు రక్తపోటు చూడడం నేర్చుకున్నాడు. బస్సు కోసం రోడ్డు మీద గంటసేపు కూర్చుని, వచ్చే పోయేవాళ్లతో మాట్లాడుతుండేవాడు. మిషన్ మీద కొత్తగా వచ్చి భయపడే వాళ్లకి ధైర్యం చెప్పేవాడని నర్సులు నాతో చెప్పారు. ఒకప్పుడు ఆయన తిట్టిన కుర్రాడే ఆయనకి సూది గుచ్చడానికి పోటీ పడి వచ్చేవాడట.

ఇది చూసి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కేకలేసే బావ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ నెమ్మదైన మనిషిని చూస్తే, లోపల ఏదో ఆరిపోయినట్టు అనిపించేది. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకు బావా ఇంత నెమ్మదైపోయావు, ఒకసారి తిట్టరాదా నన్ను అన్నాను. ఆయన నవ్వి, "తిట్టడానికి ఓపికుండాల కదే" అన్నాడు. ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు.

బావ పోయింది ఆశ్వయుజంలో. వాయుగుండం పట్టి ఎడతెగని వాన. ఊరి నుంచి పెద్ద రోడ్డుకి వచ్చే దారి మునిగిపోయి బస్సులు ఆగిపోయాయి. ఒక డయాలసిస్ తప్పిపోయింది. నీళ్లు ఒక్క గుక్క కూడా తాగకుండా బావ కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. మర్నాడు పొద్దున్న వాన కొంచెం తెరిపిచ్చింది. బావ అన్న కొడుకు ట్రాక్టరు తెచ్చాడు. ట్రక్కులో పరుపు వేసి, గోనెలు కప్పి, నేను వెనక నుంచి ఆయన్ని కూర్చోబెట్టి పట్టుకున్నాను. గతుకుల్లో ట్రాక్టరు ఊగుతుంటే ఆయన తల నా భుజానికి కొట్టుకునేది. ఎంత దూరం ఉన్నాది అని ఒకసారి అడిగాడు. వచ్చేశాం బావా అన్నాను. రాలేదు. ముందుకు వంగి, బేగి పోనీరా అని నేను అరిచాను.

బావ నా చెయ్యి నొక్కాడు. "మెల్లిగానే పోనీమను. దారి బాగునేదు, ఆడు పడిపోతాడు" అన్నాడు.

అవే ఆఖరి మాటలు. హరిపురం దగ్గర పెద్ద రోడ్డు ఎక్కేసరికి ఆయన ఊపిరి తీసుకోవడం లేదు. అయినా పలాస దాకా తీసుకెళ్లాం. వాళ్లు చూసి, చీటీ మీద రాసి ఇచ్చారు. అదే ట్రాక్టరు మీద తిరిగొచ్చాం. ఎండ కూడా వచ్చింది.

పదో రోజు దాటాక ఇంటికి చేపలాయన భార్య వచ్చింది. ఎవరు చెప్పారో తెలీదు. సంతబొమ్మాళి నుంచి టెక్కలి, టెక్కలి నుంచి పలాస, అక్కడి నుంచి మా ఊరికి బస్సులు మారి వచ్చింది. ఓదార్పు మాటలేవీ అనలేదు. గుమ్మం పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. మధ్యాహ్నం లేచి వంటింట్లోకి వెళ్లి అన్నం వండింది. నా చేత తినిపించి, చీకటి పడకముందే బస్సు ఉందని వెళ్లిపోయింది. కంపాషన్ అనే మాటకి నేను ఇన్నేళ్లు రాయించిన అర్థం ఎంత చిన్నదో ఆ పూట తెలిసింది.

తోట బావ అన్న కొడుక్కి అప్పగించాను. బడికి దగ్గరని మందసలో ఒక గది తీసుకున్నాను. ఎనిమిదో తరగతికి మళ్లీ అదే పాఠం వస్తుంది, చెబుతాను. ఇప్పుడు ఆ మాటకి ఒకటే అర్థం రాయించను. ఒకే కడుపున పుట్టిన రెండర్థాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెబుతాను. పిల్లలు వింటారు. కొందరు కిటికీలోంచి బయటికి చూస్తారు.

నా జబ్బు నెమ్మదిగానే ఉంది. పోయిన నెల పరీక్షలో అంకె కొంచెం పెరిగింది. బళ్లో ఎవరికీ చెప్పలేదు, చెల్లికి మాత్రం చెప్పాను. మర్నాడే టెక్కలి నుంచి వచ్చింది. తను గ్రూపు చూపించుకుందట, కలిసిందట. నాకన్నా పదేళ్లు చిన్న, ఇద్దరు పిల్లలు. మరిది ఏమన్నాడు అని అడిగితే మాట మార్చింది. తొందరేం లేదు, డయాలసిస్ దాకా వెళ్లడానికి ఏళ్లు పట్టొచ్చని డాక్టరు చెప్పారని అన్నాను. అప్పుడు కూడా ఇదే అంటాను, నా మాట మారదు అంది.

నేను ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేకపోయాను. ఆ సాయంత్రం ఇద్దరం మందస బస్టాండుకి నడిచాం. చెల్లి పలాస బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలే వరకు నా వేళ్లు వదల్లేదు.